మూడో తనిఖీ

మా మావయ్యగారు పేర్రాజుగారు లోకల్ ఫండ్ ఆడిట్ శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలింది గానీ ఆయన శాఖను వదల్లేదు. తనిఖీ చెయ్యడానికి పంచాయతీలు లేకపోయేసరికి పార్టీల మేనిఫెస్టోల మీద పడ్డారు. ఎన్నికలొస్తే చాలు, రామచంద్రపురం మునిసిపల్ పార్కులో వాకర్స్ సంఘం వాళ్ల రేకుల షెడ్డు కింద కూర్చుని, ఒక్కొక్క హామీ పక్కన ఎర్ర పెన్సిల్‌తో "ఎక్కణ్ణించి?" అని రాసేవారు. డబ్బు ఎక్కణ్ణించి తెస్తారని ప్రశ్న. ఏ పార్టీ కాగితం మీద ఆ ఎర్ర మాటలు తక్కువ పడితే దానికి షెడ్డు కింద కూర్చున్న నలభై కుటుంబాల ఓట్లు పడేవి.

పొదుపు పార్టీ అని ఒకటి ఉందనుకునేంత అమాయకుడు కాదాయన. "ఇద్దరూ కన్నం వేసేవాళ్లేనండి. వీడు వేసే కన్నంలో మనిషి పడతాడు, వాడు వేసే కన్నంలో లారీ పడుతుంది" అనేవారు. అలా మూడు ఎన్నికలుగా మనిషి పట్టే కన్నానికి, అంటే తాళంచెవి గుర్తుకు వేస్తున్నారు. గొడుగు గుర్తు వాళ్లను చచ్చినా నమ్మరు.

నేను ఆయన కోడల్ని, విజయదుర్గని. కాకినాడలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ప్రయోగశాలలో టెక్నీషియన్ని. రోజూ బస్సులో వెళ్లొస్తాను. మా ప్రయోగశాలకు పెద్ద డాక్టర్ మస్తాన్ షరీఫ్. నంద్యాల మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. ఆయన కనిపెట్టినది తలకు చుట్టే ఒక నల్లపట్టీ. దాన్ని పెట్టుకుని మీట నొక్కితే, నలభై నిమిషాలపాటు ఇష్టం, కోపం, భయం, కృతజ్ఞత ఇవేవీ మన నిర్ణయం దాకా చేరవు. లెక్కలు, జ్ఞాపకాలు, మాట అన్నీ మామూలే.

దీనికి డబ్బు పెట్టిన ట్రస్టువాళ్ల ఆశ వేరు. పట్టీ పెట్టుకున్న ఓటరు చీరకూ సారాకూ, కులానికీ కన్నీళ్లకూ లొంగడు, ఒట్టి లెక్క చూసి ఓటేస్తాడు అని వాళ్ల నమ్మకం. అందుకని ముందుగా లెక్క చూసి ఓటేస్తామని చెప్పుకునేవాళ్లనే ముప్ఫైమందిని పిలిపించారు. "మీరు పార్టీని ఎలా ఎంచుకుంటారు?" అని పట్టీ పెట్టకముందు అందర్నీ అడిగాను. ముప్ఫైమందీ ఒకటే మాట. లెక్క చూసి.

మొదట కూర్చున్నది పెద్దాపురం లెక్చరర్ ఒకాయన. రెండు మేనిఫెస్టోలూ, రెండు గుర్తుల బటన్లూ ముందు పెట్టాను. పన్నెండు నిమిషాల్లో రెండింటి ఖర్చూ పైసలతో సహా తేల్చారు.

"తాళంచెవి వాళ్లకి ఖర్చు తక్కువండి" అన్నారు.

"అయితే ఆ బటన్ నొక్కండి."

"ఎందుకండి?"

"తక్కువన్నారుగా."

"తక్కువే. అయితే ఏంటండి?" అని ఆయన నన్నే అడిగారు. ఎకసెక్కం కాదు, నిజంగానే తెలియక అడిగారు. మిగిలిన నిమిషాలన్నీ ఆ రెండు బటన్ల వంక చూస్తూ కూర్చున్నారు. పట్టీ ప్రభావం తగ్గగానే ఉలిక్కిపడి, "ఆ గొడుగు వెధవలకా నేను వేసేది!" అని తాళంచెవి బటన్‌ని పగిలేలా నొక్కారు. ఇరవై తొమ్మిదిమందీ అంతే. ఎవరి లెక్కా తప్పలేదు. ఎవరూ బటన్ నొక్కలేదు.

"లెక్క దోవ జూపిస్తాది మ్మా. కాలు కదలాలంటే ఇంకోటి కావల్ల" అన్నాడు షరీఫ్.

ముప్ఫయ్యోవారు మావయ్యగారు. నేనే పిలిచాను. ఇంటికొచ్చి ఇరవై తొమ్మిదిమంది సంగతి చెబితే ఆయన నవ్వారు.

"వాళ్లకి లెక్క రాదమ్మాయ్. వచ్చుననుకుంటారు. నేనొచ్చి చూపిస్తాను పద."

వచ్చారు. పట్టీ పెట్టుకున్నారు. లెక్క తేల్చారు. బటన్ నొక్కలేదు. పట్టీ తీశాక ఆయన ముఖం చూడాలి, సొంత సంతకాన్నే ఎవరో దొంగ సంతకమన్నట్టు ఉంది. మర్నాడు మళ్లీ వచ్చారు. మళ్లీ అదే. రెండుసార్లకు మించి ఎవరికీ పెట్టకూడదని షరీఫ్ గోడమీద కాగితం అంటించి ఉంచాడు.

శనివారం షరీఫ్ మేనకోడలి నిఖాకని నంద్యాల వెళ్లాడు. ప్రయోగశాలలో నేనొక్కదాన్నే ఉన్నాను. మావయ్యగారు క్యారేజీతో సహా దిగారు.

"ఆడిట్లో ఏ కాగితమైనా మూడుసార్లు చూడాలమ్మాయ్. ఓసారి పొద్దున్న, ఓసారి అన్నం తిన్నాక, ఓసారి మర్నాడు. మూడోది చూడకుండా నా సర్వీసులో ఎక్కడా సంతకం పెట్టలేదు. ఇక్కడా పెట్టను."

ఆయన సంతకం లేకపోతే ముప్ఫైమంది లెక్క పూర్తి కాదు, సోమవారం ట్రస్టువాళ్లకు పంపాలి. కానీ అది సాకు. అసలు సంగతి, మా ఇంట్లో మావయ్యగారిని కాదన్న మనిషి లేదు. పెళ్లైన పదిహేనేళ్లలో నేను ఆయన ముందు "వద్దు" అన్న మాట మజ్జిగ రెండోసారి వడ్డించబోతే తప్ప అనలేదు. గోడమీద కాగితం చూశాను. మావయ్యగారిని చూశాను. పట్టీ చుట్టి మీట నొక్కాను.

నలభై నిమిషాలు అయ్యాయి. "తియ్యండి మావయ్యగారూ" అన్నాను. తీశారు. "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాను. పెట్టారు. చదవకుండా పెట్టారు. కళ్లజోడైనా తగిలించుకోకుండా పెట్టారు. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. పని అయిపోయిందన్న సంతోషంలో గమనించీ గమనించనట్టు ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి మా అత్తయ్య హైమవతి కేకేసింది.

"పెసరట్టు వెయ్యనా, ఉప్మా చెయ్యనా?"

"పెసరట్టుకి నూనె ఎక్కువవుతుంది. ఉప్మాకి రవ్వ ఉంది" అన్నారు మావయ్యగారు.

"ఏది చెయ్యమంటారు?"

అత్తయ్య గరిటెతో వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన ఆవిడ వంక చూస్తున్నారు. కోపం లేదు, బెంగ లేదు, ఆకలి ఉన్నట్టు కూడా లేదు. ఉప్మా చేసి పెట్టి "తినండి" అంటే తిన్నారు. జీడిపప్పు పక్కకు తీసి చివర్లో తినే మనిషి, ఆ రోజు కలిపే తిన్నారు. అత్తయ్యకు అనుమానం వచ్చింది అక్కడే.

సోమవారం షరీఫ్‌కి చెప్పాను. "ఎందుకు పెడితివి మ్మా?" అని ఒక్కసారే అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. మావయ్యగారికి అన్ని పరీక్షలూ చేశాడు. తల బాగుంది, జ్ఞాపకం బాగుంది, గుండె బాగుంది. కావాలనిపించడం ఒక్కటే ఆగిపోయింది. మందు లేదన్నాడు. ఆయనకు బాగా లోతుగా ఉన్నదేదో దాన్ని గట్టిగా కదిపితే తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

పోలింగుకు పంతొమ్మిది రోజులుంది.

వాకర్స్ సంఘంవాళ్లు పార్కుకు ఆయన రావడం లేదని ఇంటికే వచ్చారు. ముందు రైసుమిల్లు చిట్టబ్బాయిగారు, వెనకాల పదిమంది. మేనిఫెస్టోలు ఆయన ఒళ్లో పెట్టారు. మావయ్యగారు చదివి, రెండు మొత్తాలూ, వాటి తేడా, వచ్చే ఐదేళ్లలో రాష్ట్రానికి పడే వడ్డీ చెప్పారు. చక్కగా చెప్పారు.

"అయితే ఎవరికి వేద్దామంటారండీ?" అన్నారు చిట్టబ్బాయిగారు.

"మీకు ఏం కావాలండి?"

"అదేంటండీ, మాకేం కావాలో ఇన్నాళ్లూ మీరే కదండీ చెప్పేరు."

"నాకేం అక్కర్లేదండి" అన్నారు మావయ్యగారు.

వచ్చినవాళ్లు మేనిఫెస్టోలు తీసుకుని లేచారు. సాయంత్రానికి ఊళ్లో మాట పుట్టింది, పేర్రాజుగారు అమ్ముడుపోయేరని. ఎంతకన్నది మాత్రం వీధికో అంకె. పైసా ఎక్కణ్ణించి వచ్చిందని జీవితమంతా అడిగిన మనిషికి అదీ బహుమానం.

ఆ మాట విని రెండు పార్టీల కుర్రకారూ వచ్చింది. అత్తయ్య పెరట్లో బట్టలారేస్తోంది. గొడుగువాళ్లు "వేసుకోండి సార్" అని వంగపండు రంగు కండువా ఇస్తే వేసుకున్నారు. అరగంటకు తాళంచెవివాళ్లు బూడిదరంగుది ఇస్తే దానిమీద అదీ వేసుకున్నారు. నేను బస్సు దిగి వచ్చేసరికి అరుగుమీద రెండు కండువాలతో ఫొటోలకు కూర్చుని ఉన్నారు. నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఎవరు ఏం చెబితే అది చేస్తున్నారు. కాదనడానికి కావలసినది ఏదో అది లోపల లేదు.

దాచలేకపోయాను. ఆ కండువాలు మడతపెడుతూ అత్తయ్యకు అంతా చెప్పేశాను. గోడమీద కాగితం సంగతి కూడా. ఆవిడ ఒక్కసారి నా వంక చూసి, తల తిప్పుకుంది.

"ఆయన అడిగితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అంది. నా చేతిలోంచి కండువా తీసుకుని అడిగింది. "లోతుగా ఉన్నదాన్ని కదపాలన్నాడా మీ డాట్రు?"

"అవునత్తయ్యా. లెక్కలంటే ప్రాణం కదా, మళ్లీ పాత ఆడిట్ ఫైళ్లు ఏవైనా తెచ్చి..."

"లెక్కా పాడా! ఆయనది లెక్క కాదమ్మాయ్, రోషం. చిన్నప్పుడు ధర్మహాస్టల్లో ఉండి చదువుకున్నారు. అన్నం పెట్టిన షావుకారు పుట్టినరోజు నాడు పిల్లల్ని బజార్లో వరసగా నిలబెట్టి, కంచాలు పైకెత్తి జేజేలు కొట్టించేవారట. ఈయన కంచం ఎత్తలేదని రెండు పూటలు పస్తు పెట్టేరు. ఈ ముక్క నాకు పెళ్లైన పదేళ్లకి చెప్పేరు, ఇంకెవరికీ చెప్పలేదు. షెడ్డు కింద చెప్పే ద్రవ్యలోటూ అదీ అంతా తర్వాత నేర్చుకున్నది. ఎవడి బొమ్మో ఉన్న సంచీ పట్టుకోవాలంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. అందుకే ఎవడు తక్కువ పంచుతానంటే వాడికి వేస్తారు."

అది విని షరీఫ్ తలూపాడు. "మన పట్టీ నిలిపేసింది దాన్నేమ్మా, ఆ రోషాన్నే."

అదే వారం ట్రస్టువాళ్ల పెద్దాయన ఫోన్ చేశాడు. మావయ్యగారి పరిస్థితి షరీఫ్ దాచకుండా వివరించాడు. అవతలాయన అయ్యో అనలేదు. "చెప్పింది చేస్తారా?" అని అడిగాడు. చేస్తారని షరీఫ్ అన్నాడు. "ఎవరు చెప్పినా?" అని ఆయన మళ్లీ అడిగాడు. షరీఫ్ ఫోన్ పెట్టేసి, ఉన్న ఏడు పట్టీలనూ బల్లమీద వరసగా పెట్టి, సుత్తి తెమ్మని నన్ను పంపాడు. ఆ మెత్తటి మనిషి ఒక్కొక్కదాన్నీ పొడి అయ్యేదాకా కొట్టాడు. నాకూ ఆయనకూ ఉద్యోగాలు అప్పుడే పోయాయని వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో అత్తయ్య తన ప్రయోగం తాను మొదలుపెట్టింది. గొడుగువాళ్లు ఇంటింటికీ పంచుతున్న స్టీలు కంచం ఒకటి అడిగి తెచ్చుకుంది. అడుగున వాళ్ల నాయకుడి నవ్వుముఖం అచ్చువేసి ఉంది. దాంట్లో అన్నం పెట్టి, ఆయనకిష్టమైన పనసపొట్టు కూర వేసి, ముందు పెట్టింది.

"గొడుగువాళ్లు ధర్మంగా ఇచ్చేరండి. తినండి" అంది, ప్రతి ముక్కా వత్తి పలుకుతూ.

తలుపు దగ్గర నేను నిలబడ్డాను. కంచం వీధిలోకి విసిరితే చాలునని కోటి దేవుళ్లకు మొక్కాను. ఆయన కూర కలుపుకుని తిన్నారు. అన్నం తరిగేకొద్దీ అడుగునుంచి ఆ ముఖం బయటపడుతూ వచ్చింది. దాన్ని కూడా వేలితో శుభ్రంగా తుడిచి తిన్నారు. అత్తయ్య వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

పోలింగుకు రెండు రోజుల ముందు, నేను వింటుండగానే, ఆయన ఎదురుగా పీట వేసుకు కూర్చుంది.

"మీకో సంగతి చెప్పాలండి. పెళ్లైన కాణ్ణించీ మీరు చెప్పిన గుర్తుకి నేనెప్పుడూ వెయ్యలేదు. మొదట్లో గ్యాసుబండ కొనమంటే మూడేళ్లు ఆలోచించేరు చూడండి, ఆ పొగలో కళ్లు మండి ఆ కోపంతో ఎదటివాళ్లకి వేసేసేను. తర్వాత ప్రతిసారీ అంతే. షెడ్డుకింద నలభై కుటుంబాలకి చెప్పొస్తారు, మీ ఇంట్లో మీ ఓటుని మీ పెళ్లామే కొట్టేస్తోంది. నలభై ఏళ్లు. వింటున్నారా?"

ఆ ఇంట్లో ఆయన్ని కాదన్న మనిషి ఉందన్నమాట. మావయ్యగారు వేళ్లమీద లెక్క వేశారు.

"అంటే నీ ఓటూ నా ఓటూ చెల్లుకి చెల్లు. వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే. అన్నిసార్లు రిక్షా దండగ" అన్నారు.

"అంతేనా? ఇంకేం అనరా?"

"ఇంకేం ఉంది?"

అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. "తిట్టండి. పోనీ ఎందుకలా చేసేవని అడగండి." ఆయన ఎందుకలా చేసేవని అడిగారు, ఆవిడ అడగమంది కాబట్టి.

పోలింగునాడు మునిసిపల్ స్కూలుకి ఆటోలో ముగ్గురం వెళ్లాం. నేను ముందు వేసేసి వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. ఆయన్ని ఒక్కణ్ణీ లోపలికి పంపాలంటే భయమే. చివరిగా ఎవరి మాట చెవిన పడితే దానికే ఆ ఓటు. అంటే అది అత్తయ్య చేతిలో ఉంది. ఆవిడ తలుచుకుంటే మూడు ఎన్నికలుగా తాను వేస్తున్న గుర్తుకు ఆ రోజు ఒకటికి రెండు పడతాయి. నేను అడ్డు చెప్పేదాన్ని కూడా కాదు.

గుమ్మం దగ్గర ఆవిడ ఆయన చొక్కా కాలరు సర్దింది.

"తాళంచెవి. పైనుంచి రెండోది. అదే నొక్కండి. మధ్యలో ఎవరేం చెప్పినా వినకండి" అంది.

లోపల్నుంచి బీప్ మోగింది. మావయ్యగారు బయటకు వచ్చారు. "ఆటో దగ్గరికి వెళ్లండి" అంటే వెళ్లారు. తర్వాత అత్తయ్య అట్ట చాటుకు వెళ్లింది. కిటికీలోంచి ఆవిడ పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. బీప్ రాలేదు. వెనక ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు.

"అయిందాండీ, మామ్మగారూ?" అన్నాడు ప్రిసైడింగ్ ఆఫీసరు.

"ఉండు బాబూ."

ఆ పాదాలు కదలడం లేదు. ఆఫీసరు మళ్లీ పిలిచాడు. ఇంకా చాలాసేపటికి బీప్ మోగింది. బయటకు వచ్చి నా భుజం పట్టుకుని మెట్లు దిగింది.

"ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?"

"బాగానే ఉంది. ఏది నొక్కాలో తెలీలేదమ్మాయ్."

"మూడుసార్లుగా మీది గొడుగే కదా?"

"ఆ గొడుగువాళ్లెవరో, వాళ్లేం చేస్తారో నేనెప్పుడు చూసేను? ఆయన చచ్చినా వెయ్యనన్నవాళ్లకి వెయ్యడం, నాకు తెలిసినదల్లా అదే. ఈసారి ఆయన ఫలానావాళ్లకి వెయ్యనని అన్లేదుగా."

"మరి దేనికి నొక్కారు?"

"ఆయనకి చెప్పినదానికే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంట్లో నాతో పోట్లాడే మనిషి లేడు దుర్గా."

మూడోసారి ఆ మీట నొక్కిన చేతితోనే ఆవిడ చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించాను. ఆటోవాడు టీకి వెళ్లాడు. ఆటోలో నీడ ఉంది. మావయ్యగారు దాని పక్కన నడి ఎండలో, నుదుటిమీద చెమట కారుతూ నిలబడి ఉన్నారు. ఎక్కమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఎక్కండి" అంది అత్తయ్య.

ఎక్కారు.